సాడిల్ హంటింగ్ మొదలుపెడుతున్నా: ఏం కొనాలి, చెట్టు ఎలా ఎక్కాలి?

హారిస్‌బర్గ్_మహి (ఆగస్ట్ 3)

అందరికీ నమస్కారం. మాది వరంగల్, ఉండేది పెన్సిల్వేనియాలో, హారిస్‌బర్గ్ పక్కన. రెండేళ్లుగా మా ఆఫీసులో ఒక పెద్దాయన పొలంలో లాడర్ స్టాండ్ (చెట్టుకి ఆనించిన నిచ్చెన మంచె) ఎక్కి కాంపౌండ్ విల్లుతో వేటాడుతున్నాను. నిరుడు ఒక ఆడ దుప్పిని కొట్టాను. ఈ ఏడు ఆయన పొలం అమ్మేసుకుని ఫ్లోరిడా వెళ్లిపోయారు. ఇక నాకు స్టేట్ గేమ్ లాండ్స్, అంటే వేటకు వదిలిన ప్రభుత్వ భూములే గతి.

అక్కడ చోటు మారుస్తూ, పొద్దున మోసుకెళ్లి రాత్రి మోసుకొద్దామనుకుంటున్నాను. 10 కిలోల స్టాండ్ వీపున వేసుకుని గుట్ట ఎక్కడం నా వల్ల కాదు. యూట్యూబ్‌లో సాడిల్ హంటింగ్, అంటే చెట్టుకి తాడుతో వేలాడే పట్టీలో కూర్చుని వేటాడటం చూశాక నిద్ర పట్టడం లేదు. ఒకాయన ఒక్కటే స్టిక్‌తో (చెట్టుకి కట్టే మెట్ల కడ్డీ) 25 అడుగులు ఎక్కి, తాడు పట్టుకుని జారుతూ దిగిపోతున్నాడు! అదే సెట్టు కొందామని కార్ట్‌లో పెట్టాను. బరువు 82 కిలోలు, ఎడమ మోకాలు కొంచెం తేడా. బడ్జెట్ 700 డాలర్లు. బటన్ నొక్కేముందు మీ మాట వింటాను.

మిషిగన్_మావయ్య (ఆగస్ట్ 3)

మహీ, బటన్ మీంచి వేలు తియ్యి.

వన్ స్టిక్ పద్ధతి చెడ్డదని కాదు. కానీ అందులో స్టిక్ కట్టడం, ఎక్కడం, తాడుకి వేలాడటం, వంగి కింది స్టిక్ విప్పడం, మళ్లీ పైన కట్టడం, ఇదంతా నాలుగైదు సార్లు చెయ్యాలి. అదీ తెల్లవారుజామున చీకట్లో, చలికి వేళ్లు మొద్దుబారి. తాడు మీద నమ్మకం, చేతులకు అలవాటు రెండూ వచ్చాక చేసే పని. మొదటి ఏడాది నాలుగు స్టిక్స్, చిన్న ప్లాట్‌ఫామ్, సాడిల్. అంతే.

నేను మిషిగన్‌లో 11 సీజన్లుగా సాడిల్‌లోనే కూర్చుంటున్నాను. ఇదేదో నిన్న మొన్న వచ్చిన ఫ్యాషన్ అనుకోకు. మా రాష్ట్రంలోనే జాన్ ఎబర్‌హార్ట్ అనే విలుకాడు దశాబ్దాలుగా సాడిల్‌లోంచే వేటాడి పెద్ద పెద్ద మగ దుప్పులను కొట్టాడు. అప్పట్లో జనం ఆయన్ని వింతగా చూసేవాళ్లు. ఇప్పుడు టెదర్డ్, లాటిట్యూడ్, ట్రోఫీలైన్, క్రూజర్ అంటూ కంపెనీలు లెక్కలేనన్ని.

సామాను పేర్లు ముందు తెలుసుకో, తర్వాత కొందువు గాని. సాడిల్ అంటే నడుముకీ తొడలకీ ఉయ్యాలలా పట్టే వెడల్పాటి పట్టీ. దాని ముందు రెండు కొసలను కలిపే తాడు బ్రిడ్జ్. చెట్టుకి చుట్టి, బ్రిడ్జ్‌కి కారబీనర్ అనే లోహపు కొక్కెంతో తగిలించేది టెదర్. నీ బరువంతా మోసేది అదే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నడుము రెండు పక్కలా తగిలించుకుని చెట్టు చుట్టూ తిప్పుకునేది లైన్‌మన్ తాడు. కరెంటు స్తంభం ఎక్కేవాడు వాడేది అదే కాబట్టి ఆ పేరు. ప్లాట్‌ఫామ్ అనేది పాదాలు పెట్టుకోవడానికే. దాని మీద నిలబడి నన్ను కాపాడుతుందిలే అనుకుంటే తప్పు, కాపాడేది తాడు.

బఫెలో_బాబీ (ఆగస్ట్ 3)

ఇవన్నీ సరే బ్రో, ఇంట్లో ఒప్పుకున్నారా? మా ఆవిడ నేను దీపావళికి లైట్లు కట్టడానికి నిచ్చెనెక్కితేనే కింద నిలబడి దండకం చదువుతుంది.

హారిస్‌బర్గ్_మహి (ఆగస్ట్ 4)

బాబీ బ్రో, ఇన్సూరెన్స్ పేపర్లు ఎక్కడున్నాయో చెప్పి వెళ్లమంది. అది ఒప్పుకోవడమే కదా.

మావయ్య గారూ, కార్ట్ ఖాళీ చేశాను. ఎక్కే వరస కూడా చెప్పండి. వీడియోల్లో ఆ భాగం స్పీడ్‌గా తిప్పేస్తున్నారు.

మిషిగన్_మావయ్య (ఆగస్ట్ 4)

ఆ భాగమే అసలుది, దాన్నే తిప్పేస్తారు.

నేల మీద ఉండగానే లైన్‌మన్ తాడు తగిలించు. రెండడుగుల ఎత్తుకి ఎందుకులే అనుకోకు. మొదటి స్టిక్ కట్టి ఎక్కు. వెనక్కి వాలి, బరువు తాడు మీద వేసి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని రెండోది కట్టు. అలా నాలుగూ. మధ్యలో కొమ్మ అడ్డం వస్తే లైన్‌మన్ తాడు విప్పేసి కొమ్మ దాటించి మళ్లీ తగిలిద్దామనిపిస్తుంది. ఆ రెండు సెకన్లలోనే పడతారు. రెండో తాడు దగ్గర ఉంచుకుని, దాన్ని కొమ్మ పైన తగిలించాకే కిందిది విప్పాలి. నాలుగు స్టిక్స్‌తో ప్లాట్‌ఫామ్ 15 నుంచి 18 అడుగుల దగ్గర ఉంటుంది. అది చాలు. 25 అడుగుల మోజు తగ్గించుకో. పైకి పోయినకొద్దీ బాణం వాలు పెరిగి రెండు ఊపిరితిత్తుల్లో ఒకటే తగులుతుంది.

పైకి చేరాక టెదర్ కట్టు. నుదుటి ఎత్తులో మొదలుపెట్టి, రెండు మూడు అంగుళాలు పైకీ కిందికీ జరిపి చూసుకోవచ్చు. అందులో పూర్తిగా కూర్చుని, బరువు ఆగిందని చూసుకున్నాక, అప్పుడు మాత్రమే లైన్‌మన్ తాడు విప్పు. దిగేటప్పుడు ఇదంతా తిరగేసి. ఎప్పుడూ ఏదో ఒక తాడు చెట్టుకి ఉండాలి.

విల్లు మెడలో వేసుకుని ఎక్కకు. సన్న తాడుతో కింద కట్టి, పైకెళ్లాక లాక్కో.

తాటివనం (ఆగస్ట్ 5)

చదువుతుంటే నవ్వొచ్చింది, కడుపులో కొంచెం దేవినట్టూ అయింది. మాది జనగామ దగ్గర పల్లె. మా నాయిన గీత కార్మికుడు. మావయ్య గారు చెప్పిన లైన్‌మన్ తాడు మా ఇంట్లో గోడకు వేలాడుతుండేది. దాని పేరు మోకు. నడుముకి ముస్తాదు, కాళ్లకు ఒక తాడు, చెట్టు చుట్టూ మోకు. వెనక్కి వాలితే మోకు బిగుస్తుంది, చెట్టు వైపు ఒరిగితే వదులవుతుంది, ఆ వదులైన క్షణంలో దాన్ని పైకి ఎగరేసి మళ్లీ వాలడం. మూడు కాలాలు, రోజూ, పూట పూటకీ.

మహి అన్నా, ఇక్కడ నువ్వు నేర్చుకోవాల్సింది ఆ వాలడమే. కొత్తవాళ్లు భయంతో చెట్టుని కౌగిలించుకుంటారు. అప్పుడు తాడు వదులై పాదం మీదే బరువు పడి జారుతుంది. తాడుని నమ్మి వెనక్కి వాలితేనే పాదాలు చెట్టుకి గట్టిగా తన్నిపడతాయి. మా నాయిన నాకు ఎక్కడం నేర్పలేదు, చదువుకోమన్నాడు. కానీ కింద నిలబడి ఇది మాత్రం ఎన్నోసార్లు చూశాను.

మోకుకి ఒక లోపం ఉంది. పాదాలు రెండూ తప్పితే అది ఆపదు, మనిషితో పాటే జారుతుంది. మా ఊళ్లో అలా పడి నడుము పోయినవాళ్లు ఉన్నారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గౌడన్నలకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అందులోనూ సంగతి ఇదే, కాలు జారినా తాడు పట్టి ఆపాలి. మీ లైన్‌మన్ తాడు కూడా మోకు లాంటిదే, వదులుగా ఉంటే చెట్టు వెంట జారుతుంది. దాన్ని నడుము కన్నా కాస్త పైనే, బిగువుగా ఉంచుకో.

అడవిమల్లి_ఒహాయో (ఆగస్ట్ 6)

తాటివనం తమ్ముడూ, చాలా బాగా చెప్పావు.

మహి గారూ, నేను మూడో సీజన్‌లోకి వెళ్తున్నాను. మగవాళ్లు ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా: నొప్పి. తుంటి ఎముకల దగ్గర పట్టకారుతో నొక్కినట్టు ఉంటుంది. మొదటి రోజు 40 నిమిషాలకే దిగిపోయి, ఇది నా ఒంటికి సరిపడదనుకుని అమ్మేద్దామనుకున్నాను. తప్పు నాదే. పట్టీని ప్యాంటు బెల్టులా నడుముకి కట్టాను. అది పిరుదుల కింద నుంచి పట్టాలి. టెదర్ కూడా మరీ కిందికి కట్టాను. రెండూ సరిచేశాక ఇప్పుడు నాలుగు గంటలు హాయిగా ఉంటాను. కాసేపు కూర్చోవడం, కాసేపు ప్లాట్‌ఫామ్ మీద నిలబడి వాలడం, అలా మార్చుకుంటూ ఉండాలి. మోకాళ్లు చెట్టుకి ఆనతాయి కాబట్టి మీ ఎడమ మోకాలికి ప్యాడ్ తప్పనిసరి. కంపెనీదే కానక్కర్లేదు, టైల్స్ వేసేవాళ్లు వాడే 15 డాలర్లది చాలు.

సైజు మాత్రం చలి బట్టలు వేసుకుని చూసుకోండి. ఆగస్టులో టీషర్టు మీద సరిపోయింది నవంబర్‌లో పట్టదు.

హారిస్‌బర్గ్_మహి (ఆగస్ట్ 9)

అడవిమల్లి గారూ, థాంక్స్. ఒక సందేహం. సాడిల్, ప్లాట్‌ఫామ్, సెకండ్ హ్యాండ్ స్టిక్స్ కలిపి 540 అయ్యాయి. తాళ్ల దగ్గర మిగుల్చుకుందామని ఉంది. మా ఇంటి దగ్గర హార్డ్‌వేర్ షాపులో అర అంగుళం నైలాన్ తాడు అడుగు డాలర్ కూడా లేదు. 82 కిలోలు ఆపదా?

చిత్తూరు_సిసింద్రీ (ఆగస్ట్ 9)

ఆపుతుంది, ఆపనంత వరకు.

అన్నా, ఇది నా కథ. టెక్సాస్‌లో మూడేళ్ల కింద. తాడు నాణ్యమైనదే, కారబీనర్ కూడా కొండలెక్కేవాళ్లదే. కానీ ప్రూసిక్ ముడికి ఇంట్లో పడున్న లావు తాడు వాడాను. ప్రూసిక్ అంటే టెదర్ పొడవు మార్చుకోవడానికి, ఆ ప్రధాన తాడు చుట్టూ సన్న తాడుతో వేసే ముడి. బరువు పడితే కరుచుకుంటుంది, బరువు తీస్తే జరుగుతుంది. ఆ సన్న తాడు నిజంగా సన్నగా ఉండాలి, లేకపోతే కరవదు. నాది కరవలేదు. పైన నిలబడి ఉండగా టెదర్‌లో రెండడుగుల వదులు వచ్చింది, నేను చూసుకోలేదు. వెనక పంది చప్పుడైతే తిరగబోయి ప్లాట్‌ఫామ్ మీంచి జారాను. పడింది రెండడుగులే. కానీ ఈ తాళ్లు సాగవు. నడుము దగ్గర ఎవరో గొడ్డలి వెనక వైపుతో కొట్టినట్టయింది. ఆరు వారాలు ఆఫీసులో నిలబడే పని చేశాను. మేనేజర్ నాకు ఆరోగ్య స్పృహ పెరిగిందని మెచ్చుకున్నాడు.

టెదర్ ఉయ్యాల తాడు, పడితే పట్టే వల కాదు. దానిలో వదులు ఉండకూడదు.

మిషిగన్_మావయ్య (ఆగస్ట్ 9)

సిసింద్రీ చెప్పింది ప్రింట్ తీసి గోడకి అంటించుకోండి.

మహీ, తాడు దగ్గర పిసినారితనం వద్దు. చెట్లెక్కే పనివాళ్ల కోసమో పర్వతారోహణ కోసమో చేసినది, బలం ఎంతో రాసి ఉన్నది కొను. 11 మిల్లీమీటర్ల తాడు చేతికి బాగా పట్టుకోవడానికి వస్తుంది, 8 మిల్లీమీటర్లది తేలిక. మొదటి ఏడాదికి లావుదే మేలు. కారబీనర్ మీద 22 కేఎన్ అనో అంతకన్నా ఎక్కువో అచ్చువేసి ఉండాలి. అంటే సుమారు 2,200 కిలోలు. తాళం చెవులకు వాడేది కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది, మోసపోకు. తాడు చివర ఆపుడు ముడి వెయ్యి, లేకపోతే ప్రూసిక్ కొస దాటి ఊడిపోతుంది. ఎండకీ రాపిడికీ తాడు పాడవుతుంది. సీజన్ ముందు వేళ్లతో మొత్తం తడిమి చూడు. గట్టిపడినా, పైతొడుగు పీచులు లేచినా దాన్ని టమాటా పాదుకి కట్టుకో.

నిర్వాహకుడు (ఆగస్ట్ 10)

ఈ చర్చలో ఒక పోస్ట్ తొలగించాను. నల్లమలలో ఇలా మంచె లేకుండా కూర్చోవచ్చా అని అడిగారు. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పి, జింకల వేట నేరం. ఇక్కడ చర్చ లైసెన్స్, సీజన్, ట్యాగ్ (కొట్టిన జంతువుకి కట్టే అనుమతి చీటీ) ఉన్న చోట్ల గురించే.

డాలస్_డోలు (ఆగస్ట్ 10)

పక్కదారి పట్టిస్తున్నందుకు సారీ. నేను హెచ్1బీ మీద ఉన్నాను. మాకు వేట కుదురుతుందా అసలు? ఫ్రెండ్స్ తలా ఒకటి చెప్తున్నారు.

మిషిగన్_మావయ్య (ఆగస్ట్ 10)

నేనూ ఆ గండం దాటినవాణ్నే. ఫెడరల్ చట్టం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధిస్తుంది. అందులో మినహాయింపులున్నాయి. అమెరికాలో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం అందులో ఒకటి. విల్లు ఆ చట్టం కింద తుపాకీ కాదు. మనవాళ్లలో చాలామంది విల్లుతో మొదలుపెట్టడానికి ఇదీ ఒక కారణం. తుపాకీ సంగతి మాత్రం ఫోరంలో మావయ్య చెప్పాడని చెయ్యొద్దు, వీసా పోతే నేను ఇవ్వలేను. లాయర్‌ని అడుగు.

తాటివనం (ఆగస్ట్ 11)

నాదీ ఒక పక్కదారి. ఇక్కడ మనం వేటాడే వైట్‌టెయిల్‌ని బయట మనవాళ్లు చాలామంది జింక అంటారు. అది దుప్పి జాతి. కొమ్ములు కొమ్మలు కొమ్మలుగా చీలి ఏటా రాలిపోయేది దుప్పి. మన కృష్ణజింకకి మెలి తిరిగిన కొమ్ములు, రాలవు. మావయ్య గారు సరిగ్గా అన్నారు.

బఫెలో_బాబీ (ఆగస్ట్ 11)

ఏదైతేనేం, మసాలా ఒకటే కదా.

అడవిమల్లి_ఒహాయో (ఆగస్ట్ 14)

చెట్టు గురించి ఎవరూ చెప్పలేదు. మహి గారూ, చచ్చిన చెట్టు ఎక్కకండి. ఇది తెలిసిన మాటే అనిపిస్తుంది గానీ మీ వైపు యాష్ చెట్లతో జాగ్రత్త. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు 2002లో మిషిగన్‌లో బయటపడి చాలా రాష్ట్రాలకి పాకింది. అది తొలిచిన చెట్టు నిలబడే ఉంటుంది, లోపల పెళుసు. ఆకులున్న ఇప్పుడే వెళ్లి బతికున్నవేవో గుర్తుపెట్టుకోండి, నవంబర్‌లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. బెరడు పెచ్చులుగా లేచే షాగ్‌బార్క్ హికరీ కూడా వద్దు. స్టిక్ కట్టినప్పుడల్లా అప్పడం విరిచినట్టు చప్పుడు. గేమ్ లాండ్స్‌లో చెట్టులోకి దిగే మేకులు, మరమెట్లు కుదరవు, పట్టీతో కట్టేవే వాడాలి.

ఇంకోటి. లాడర్ స్టాండ్‌లో దుప్పిని ఎదురుగా చూసేవారు. సాడిల్‌లో చెట్టు మీకూ దుప్పికీ మధ్య ఉంటుంది. చెట్టే మీ ముసుగు. కుడిచేతి వాటమైతే చెట్టుకి ఎడమ పక్కన కొట్టడం సులువు, కుడి పక్కకి రావాలంటే ఒళ్లంతా తిప్పాలి. కాబట్టి అది వచ్చే దారి ఎడమకి పడేలా చెట్టు చుట్టూ స్థానం చూసుకోండి. ఆపైన గాలి. పొద్దు గుంకితే చల్లబడ్డ గాలి వాలులోకి జారుతుంది, దానితో మీ వాసనా జారుతుంది. సాయంత్రం లోయ పైన కూర్చుని లోయలోంచి దుప్పి వస్తుందని చూస్తే చూస్తూనే ఉండాలి.

హారిస్‌బర్గ్_మహి (సెప్టెంబర్ 6)

అప్‌డేట్. మావయ్య గారు ఫోన్‌లో ఇచ్చిన ఆజ్ఞ ప్రకారం మూడు వారాలు పెరట్లో మేపుల్ చెట్టుకి మూడడుగుల ఎత్తులోనే వేలాడాను. పక్కింటి ముసలాయన రెండో రోజు కంచె మీంచి తొంగి చూసి, అంతా బాగానే ఉందా అని చాలా నెమ్మదిగా అడిగాడు. మా పాప దాన్ని నాన్న ఉయ్యాల అంటోంది, ఖాళీగా ఉంటే తను ఎక్కుతోంది.

మొదటి రోజు తాటివనం చెప్పినట్టే చెట్టుని కౌగిలించుకున్నాను, మోచేయి గీరుకుపోయింది. నాలుగో రోజు ఎప్పుడో వాలడం వచ్చేసింది. సైకిల్ వచ్చినట్టు, ఎలా వచ్చిందో తెలీదు. ఇప్పుడు కళ్లు మూసుకుని కారబీనర్ తగిలించడం నేర్చుకుంటున్నా, చీకటి కోసం. బాణాలు ఎడమ పక్క గుంపుగా పడుతున్నాయి. కుడి పక్క మాత్రం దేవుడి దయ.

మిషిగన్_మావయ్య (సెప్టెంబర్ 6)

కుడి పక్క వచ్చినదాన్ని ఈ ఏడాది వదిలెయ్. నడుము దగ్గర వంగి గురి చూడు, చెయ్యి మాత్రమే కిందికి దించితే బాణం పైకి పోతుంది. దూరం కూడా ఏటవాలుగా కాదు, నేల మీద ఎంతో అంత లెక్క. ఫోన్ అందే జేబులో పెట్టుకో, విజిల్ మెడలో. ఏ చెట్టు ఎక్కుతున్నావో లొకేషన్ ఇంట్లో పంపి ఎక్కు. తాడు పట్టి ఆపినా, దానికి కదలకుండా వేలాడుతూ ఉండిపోవడం కూడా ప్రమాదమే. కాలు పెట్టుకోవడానికి ఒక స్టిక్ ఎప్పుడూ అందేలా ఉండాలి.

హారిస్‌బర్గ్_మహి (నవంబర్ 17)

ఆలస్యానికి క్షమించండి. అక్టోబర్ అంతా ఉడతలే. తొమ్మిది సార్లు ఎక్కాను, రెండు సార్లు దుప్పి కనిపించింది, ఒకసారి నా వాసన పట్టి బుస్సుమని పోయింది. సాయంత్రం లోయ పైన కూర్చున్నాను మరి, అడవిమల్లి గారు చెప్పిందే.

గత వారం ఓక్ చెట్టు, 16 అడుగులు. ఏడున్నరకి ఒక ఆడది, ఒంటరిది, ఎడమ పక్క నుంచి 18 గజాల్లో పక్కగా వచ్చి నిలబడింది. కొట్టాను. కాళ్లు వణికిపోయాయి, సాడిల్‌లో ఉన్నాను కాబట్టి ఎవరికీ తెలియలేదు. అరగంట ఆగి దిగాను. రక్తం లేత ఎరుపు, బుడగలతో. 70 గజాల్లో పడి ఉంది. ట్యాగ్ కట్టి, దగ్గర కూర్చుని కాసేపు ఏమీ చెయ్యలేదు. తర్వాత మైలున్నర ఈడ్చాను. సాడిల్ తేలిక, దుప్పి కాదు.

మా ప్రాంతం సీడబ్ల్యూడీ (దుప్పుల మెదడుకి వచ్చే ప్రాణాంతక జబ్బు) పరిధిలో ఉంది. ఆ జబ్బు పెన్సిల్వేనియాలో 2012 నుంచీ ఉంది. తలని గేమ్ కమిషన్ (రాష్ట్ర వన్యప్రాణి శాఖ) డబ్బాలో వేసి వచ్చాను, పరీక్ష ఉచితమే. రిజల్ట్ వచ్చే దాకా మాంసం ఫ్రీజర్‌లోనే. కీమా ఎలా వండాలో అడవిమల్లి గారిని అడగాలి, కొవ్వు అసలు లేదు.

అడవిమల్లి_ఒహాయో (నవంబర్ 17)

కంగ్రాట్స్! కొవ్వు లేదు కాబట్టి నూనె మామూలు కన్నా రెండు గరిటెలు ఎక్కువ, పెరుగులో రాత్రంతా నానబెట్టండి. గోంగూర దొరికితే ఇంకేమీ ఆలోచించకండి.

తాటివనం (నవంబర్ 18)

మహి అన్నా, నువ్వు పంపిన పెరటి వీడియో మా నాయినకి వాట్సాప్‌లో చూపించాను. రెండు సార్లు చూశాడు. తాడు బాగుంది, వాలడం కూడా వచ్చిందన్నాడు. కాసేపాగి అడిగాడు: "పైన కుండ లేదు కదా, మరి అంతసేపు ఏం చేస్తడు?"